తొట్టిలో నీళ్ళు మార్చేటప్పుడు

ముసునూరు,
20 జనవరి 2025

చిరంజీవి సుభాష్‌కి,

ఆరేళ్ళ దీవెనలు ఒక్కసారే పంపుతున్నాను, సర్దుకుని తీసుకో.

ఉత్తరం చూసి కంగారు పడకు. అక్టోబరులో మీ పెదనాన్నకు పక్షవాతం వచ్చిన సంగతి ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు. కుడి చెయ్యి లేవదు. కర్ర పట్టుకుని హాల్లోంచి వరండాలోకి నడుస్తారు. మాట పోయింది. "అది" అన్న ఒక్క ముక్క మిగిలింది. మంచినీళ్ళు కావాలన్నా అది, ఫ్యాను ఆపమన్నా అది. ఏది ఏదో నేను కనుక్కోవాలి. నలభై ఆరేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆయన మనసు నాకు తెలియదా అని ధైర్యం చెప్పుకుంటున్నాను.

ఇన్నాళ్ళకు పెద్దమ్మకు గుర్తొచ్చానా అని నిష్ఠూరం ఆడకు. నువ్వు మీ నాన్న వాటా నాలుగెకరాలు అమ్మడం, కొన్నవాడు మామిడిచెట్లన్నీ కొట్టించి పామాయిల్ వెయ్యడం, నీ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని మీ పెదనాన్న అనడం, ఏదీ మర్చిపోలేదు. నేను ఎత్తలేదు కూడా. ఇప్పుడు నాకు రంగుచేపల సంగతి తెలిసినవాడు కావాలి. మన చుట్టాల్లో ఆ కొట్టు పెట్టినవాడివి నువ్వొక్కడివే.

డిసెంబరులో ఉదయశ్రీ విజయవాడ నుంచి వస్తూ మూడడుగుల గాజు తొట్టి, ఆరు గోల్డ్ ఫిష్‌లు తెచ్చి హాల్లో పెట్టింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు, చూడలేకపోతున్నానమ్మా అంది. నేను నవ్వాను. తోట చూసుకున్న మనిషి తొట్టి చూస్తాడా అన్నాను. మొదటి రోజు తల తిప్పారు. మూడో రోజు కుర్చీ దాని ముందుకు జరపమన్నారు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఎడమ చేతి వేళ్ళు మడుస్తూ లెక్కపెడతారు. ఐదు వేళ్ళూ అయ్యాక బొటనవేలు మళ్ళీ మడుస్తారు. ఆరూ ఉన్నాయంటేనే కాఫీ.

మొన్న బుధవారం ఒకటి తేలిపోయింది. ఐదు లెక్కపెట్టారు, మళ్ళీ లెక్కపెట్టారు, వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. నాకు భయంగా ఉంది సుభాష్. ఈ చేపలు పోతే ఆయన మళ్ళీ ఇటు తిరగరు.

నేను చేసిన లోపం ఏమీ లేదు. వారం వారం తొట్టి మొత్తం ఖాళీ చేసి, సబ్బుపొడి వేసి తోమి, గులకరాళ్ళు ఎండలో ఆరబెట్టి కొత్త నీళ్ళు పోస్తున్నాను. మూడు పూటలా మేత వేస్తున్నాను. మధ్యలో ఇడ్లీ ముక్క. ఇంటికొచ్చిన ప్రాణిని పస్తుంచలేం కదా.

ఫోను ఎందుకు చెయ్యలేదంటే, నాకు చెవులు సరిగ్గా వినపడక మూడేళ్ళయింది. నేను ఫోనులో మాట్లాడితే బాపులపాడు దాకా వినపడుతుందని ఉదయశ్రీ ఎగతాళి. మీ పెదనాన్నవి పాము చెవులు. నీతో మాట్లాడుతున్నానని తెలిస్తే ఏమంటారో, అసలేమీ అనలేరు కదా, అదే నా భయం. అందుకని ఉత్తరం. నువ్వు కూడా మన తోటలో పనిచేసే పెద్దిరాజు పెళ్ళాం సత్యవతి పేరు మీద రాయి, తెచ్చిస్తుంది.

నీ పెద్దమ్మ,
సీతారావమ్మ


రాజమండ్రి,
25 జనవరి 2025

పెద్దమ్మకు నమస్కారాలు.

కవరు మీద నీ చేతిరాత చూసి కొట్లోనే కూర్చుండిపోయాను. బేరానికి వచ్చినాయన ఏమైంది బాబూ అని అడిగాడు. మా పెద్దమ్మ రాసింది అన్నాను. దానికి ఏడుస్తారా అన్నాడు.

పెదనాన్న సంగతి నాకు నవంబరులో తెలిసింది. హనుమాన్ జంక్షన్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాను. ఆ మాట నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. ఇక చేపల సంగతి.

నువ్వు తిట్టనంటే ఒకటి చెబుతాను. నీ శుభ్రమే ఆ చేపను చంపింది. పాలు తోడుకోవాలంటే గిన్నెలో కాస్త పాత పెరుగు ఉండాలి కదా. తొట్టికి కూడా అలాంటి తోడు ఉంటుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు గులకరాళ్ళ మీదా ఫిల్టరు స్పాంజిలోనూ పెరుగుతాయి. చేపల మలంలోంచి పుట్టే విషాన్ని విరిచేసేవి అవే. నువ్వు వారం వారం తోడుగిన్నె తోమి బోర్లిస్తున్నావు. రాళ్ళు ఎండబెట్టొద్దు, సబ్బు అసలు చూపించొద్దు. స్పాంజి మురికి పట్టితే తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండి పెట్టెయ్యి.

నీళ్ళు కూడా మొత్తం మార్చొద్దు. వారానికి పావు వంతు తీసి పావు వంతు పొయ్యి. పంచాయతీ కుళాయిలో బ్లీచింగ్ కలుపుతారు, చేపల మొప్పలకు అది మంట. పెద్ద డ్రమ్ములో పట్టి, మూత తీసి, రెండు రోజులు వరండాలో ఉంచు. ఘాటు పోతుంది. ఆ నీళ్ళు పొయ్యి.

మేత రోజుకు ఒక్కసారి చాలు. రెండు నిమిషాల్లో తినేసేంత. ఇడ్లీ మానెయ్. అవి నీకేసి చూసి నోరు తెరుస్తున్నాయంటే ఆకలేసి కాదు. గోల్డ్ ఫిష్ మేత వేసే మనిషిని గుర్తుపడుతుంది. నువ్వు హాల్లోకి రాగానే అద్దం దగ్గరికి వస్తాయి చూడు.

మా వ్యాను గురువారం విజయవాడ వెళుతుంది. ఒక చేప పంపిస్తున్నాను, పెద్దిరాజును జంక్షన్లో తీసుకోమను. కవరుతో సహా తొట్టిలో పావుగంట తేలనిచ్చి, అప్పుడు విడిచిపెట్టు. ఉదయశ్రీ పంపిందని చెప్పు. ఆయనకు ఇష్టం లేకుండా నేను ఆ గడప తొక్కకూడదు. నా చేప తొక్కితే తప్పులేదనుకుంటాను.

సుభాష్


ముసునూరు,
31 జనవరి 2025

సుభాష్,

చేప చేరింది. ఒళ్ళంతా తెలుపు, నెత్తిన ఎర్రగా కుచ్చుటోపీ. పక్కింటి బసవమ్మ చూసి, ఇది పెళ్ళికొడుకు మొహం పెట్టింది వదినా అంది. ఉదయశ్రీ పంపిందని చెప్పాను. మీ పెదనాన్న నా మొహం కేసి చాలాసేపు చూశారు. తరవాత బొటనవేలు రెండోసారి మడిచారు. కాఫీ తాగారు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను. షెడ్డులో ఉన్న నీలం డ్రమ్ము పెద్దిరాజు చేత కడిగించి వరండాలో పెట్టించాను. నీళ్ళు రెండు రోజులు నిలవ పెట్టి ఇవాళ పావు వంతు మార్చాను. నేను రాగానే నిజంగానే అద్దం దగ్గరికి వస్తున్నాయి. ఇంత చిన్న తలకాయలో నా మొహం ఎక్కడ పెట్టుకున్నాయంటావు. ఇంకో సందేహం. అవి రెప్పలు వెయ్యవేం. నిద్రపోతాయా పోవా. మీ పెదనాన్న కూడా అదే చూస్తున్నారని నా అనుమానం, మధ్యాహ్నం వాటితో పాటు రెప్ప వెయ్యకుండా కూర్చుంటారు.

ఒకటే కొత్త సంగతి. ఇవాళ నీళ్ళు మారుస్తుంటే ఆయన కర్ర ఎత్తి వరండా వైపు, షెడ్డు వైపు చూపించి "అది, అది" అన్నారు. ఎప్పుడూ అంత గట్టిగా అనలేదు. తోట మీద ధ్యాస మళ్ళింది. చిన్నరసాలు తెల్లగా పూత మీదున్నాయి, తేనెమంచు పురుగు పడే రోజులు, మందు కొట్టించమంటున్నారని నాకు అర్థమైంది. వచ్చే వారం కొట్టిస్తాను. మంచం మీద పడుకున్నా రైతు రైతే.

పెద్దమ్మ


రాజమండ్రి,
5 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

చేపలకు రెప్పలు ఉండవు, అందుకని వెయ్యవు. నిద్ర మాత్రం పోతాయి. మధ్యాహ్నం తొట్టి అడుగున ఒకచోట ఆగి రెక్కలు మెల్లగా ఆడిస్తూ ఉంటే నిద్రన్నమాట. అప్పుడు అద్దం మీద కొట్టొద్దు. మనకు చిన్న చప్పుడు, వాటికి నీళ్ళలో పిడుగు.

పెదనాన్న తోట అడిగారని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. పూత ఎలా ఉంది? మామిడిపూత వాసన చూసి ఆరేళ్ళయింది. ఇక్కడ నా కొట్టు పక్కన టైర్ల షాపు ఉంది, అన్ని కాలాల్లోనూ రబ్బరు వాసనే.

డ్రమ్ము మంచి పని చేశావు. అలాగే కానియ్యి.

సుభాష్


ముసునూరు,
12 ఫిబ్రవరి 2025

సుభాష్,

రెండు పోయాయి.

ఆదివారం పొద్దున నీళ్ళు మార్చాను, పావు వంతే. అరగంట అయిందో లేదో ఒకటి బాణంలా అటూ ఇటూ పరుగెత్తి అద్దానికి కొట్టుకుంది. తరవాత పక్కకు ఒరిగి గిరగిరా తిరిగింది. ఇంకోటి నీళ్ళ పైకొచ్చి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. సోమవారానికి రెండూ తేలాయి. కుచ్చుటోపీది ఉంది గాని మూలన నక్కి కూర్చుంది. మీ పెదనాన్న నాలుగు వేళ్ళు మడిచి ఆపేశారు. కాఫీ వద్దన్నారు.

బసవమ్మ దిష్టి అంది. దిష్టి తీశాను కూడా, నవ్వుకో.

ఆయన గొడవ రోజురోజుకూ ఎక్కువవుతోంది. కర్రతో నేలను కొడతారు, షెడ్డు వైపు చూపిస్తారు, "అది అది" అంటారు. ఐదో తారీఖునే మందు కొట్టించాను కదండీ, పెద్దిరాజు ఒక్క చెట్టు కూడా వదల్లేదండీ అని దగ్గరికెళ్ళి చెప్పాను. నా మొహం చూసి కళ్ళు మూసుకున్నారు. సరిపోలేదేమో, ఇంకో దఫా కొట్టించాలేమో. పదిహేనో తారీఖుకు పెద్దిరాజును మళ్ళీ రమ్మన్నాను.

నీ సలహాలు రాకముందు నెల మొత్తానికి ఒకటి పోయింది. వచ్చాక వారంలో రెండు పోయాయి. నేనేమీ అనడం లేదు. లెక్క చెబుతున్నాను అంతే.

పెద్దమ్మ


రాజమండ్రి,
16 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

నువ్వు అననిది నేను విన్నాను. నాకూ నిద్ర పట్టలేదు.

పరుగెత్తడం, ఒరిగి తిరగడం జబ్బు కాదు. జబ్బయితే నాలుగు రోజులు నీరసంగా ఉండి పోతాయి. ఇది ఏదో విషం ఒంటికి తగిలిన లక్షణం. రెండు అనుమానాలు. ఎయిర్ పంపు దగ్గర దోమల కాయిల్ గాని అగరొత్తులు గాని పెడుతున్నావా? ఆ పంపు గదిలో గాలి పీల్చి నీళ్ళలోకి కొడుతుంది, పొగ ఉంటే పొగే కొడుతుంది. రెండోది, తోటలో మందు కొట్టిన రోజు కిటికీలు తెరిచి ఉన్నాయా? ఆ తుంపర గాలికి వచ్చి తొట్టిలో పడి ఉండొచ్చు. ఇకమీదట కొట్టేటప్పుడు కిటికీలు మూసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పు.

అప్పటికీ ఆగకపోతే, నీళ్ళు కుళాయిలోంచి బయల్దేరి తొట్టిలో పడేదాకా దేన్ని తాకుతాయో, ఎవరు తాకుతారో, ఒక్కటీ వదలకుండా రాయి. నీకు చిన్న విషయం అనిపించింది కూడా రాయి.

నా వల్ల పోయాయని పెదనాన్నకు అనిపిస్తుందేమోనని భయంగా ఉంది. ఆయనకు నా సంగతి తెలియదు కదా?

సుభాష్


ముసునూరు,
20 ఫిబ్రవరి 2025

సుభాష్,

మంగళవారం ఇంకోటి పోయింది. ఇప్పుడు మిగిలినవి మూడు. మీ పెదనాన్న నిన్నంతా గోడ వైపే.

ఆ రెండు అనుమానాలూ నీ ఉత్తరం రాకముందే నాకూ వచ్చాయి. కాయిల్ మానేసి పది రోజులైంది, దోమలు నన్ను తింటున్నాయి. పదిహేనున మందు కొట్టేటప్పుడు కిటికీలన్నీ బిగించాను, తడిగుడ్డ కప్పాను. ఆయన ఆ గుడ్డ కర్రతో లాగి కింద పడేశారు. తరవాత వరండాలోకి నడిచి డ్రమ్మును కర్రతో మూడుసార్లు కొట్టారు. పడతారేమోనని నేనూ సత్యవతీ పరుగెత్తి లోపలికి తెచ్చాం.

నువ్వడిగిన వాంగ్మూలం ఇదిగో. పంచాయతీ కుళాయి పొద్దున ఆరింటికి వస్తుంది. సత్యవతి పైపు పెట్టి డ్రమ్ము నింపుతుంది. రెండు రోజులు నేనెవరినీ తాకనివ్వను. తరవాత ఇత్తడి చెంబుతో ముంచి, స్టీలు బకెట్టులో పోసి, తొట్టిలో పోస్తాను. చేతులకు గాజులు తప్ప ఏమీ ఉండవు. డ్రమ్ము కూడా శుభ్రంగానే ఉంటుంది. పెద్దిరాజు మందు కలపడానికి తీసుకెళ్ళినప్పుడల్లా తిరిగి తెచ్చేముందు మూడేసి సార్లు కడుగుతాడు. "ఎసరు పెట్టుకోవచ్చండమ్మా" అన్నాడు. మన ఇంట్లో ఎప్పుడూ ఉన్న పద్ధతే కదా. మందుల కాలం అయిపోయాక ఆ డ్రమ్ములో నీళ్ళతోనే కాయలు కడిగి ఆవకాయ పెట్టుకుంటున్నాం, ఎవరికేమైంది.

ఇంతకన్నా వదిలిపెట్టింది ఏమీ లేదు. ఇక నువ్వడిగిన ఇంకో మాట. ఆయనకు నీ సంగతి తెలియదు. నీ ఉత్తరాలు వంటింట్లో తలుపు దగ్గరికి వేసి చదువుకుని బియ్యం డబ్బాలో పెడుతున్నాను.

పెద్దమ్మ


రాజమండ్రి,
24 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆ డ్రమ్ము వాక్యం దాకా చదివి, ఉదయశ్రీని అడిగి పెద్దిరాజు నంబరు తీసుకుని ఫోను చేశాను. డ్రమ్ము ఈపాటికి వరండాలోంచి వెళ్ళిపోయి ఉంటుంది. ఎందుకో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

పూత మీద మనం కొట్టే మందు పురుగు కోసం చేసింది. మనిషికి అంతగా అంటదు, చేపకు మాత్రం బద్ధ శత్రువు. ఆ ప్లాస్టిక్ డ్రమ్ము ఇన్నేళ్ళూ మందు తాగి ఉంది. పైన కడిగితే పైదే పోతుంది. నీళ్ళు పోసి రెండు రోజులు కదపకుండా ఉంచితే లోపలిది మెల్లగా వదులుతుంది. చేప ఆ నీళ్ళను తాగి ఊరుకోదు, రాత్రీ పగలూ వాటితోనే ఊపిరి తీస్తుంది. ఇక ఆవకాయ కాయలు కూడా దయచేసి వేరే దాంట్లో కడుగు.

రెండు రోజులు ఉంచమన్నది నేను. డ్రమ్ము అన్నది నేను. రాజమండ్రిలో కొట్టుకొచ్చేవాళ్ళకు రోజూ చెప్పే మాటే నీకూ చెప్పాను. వాళ్ళ ఇళ్ళల్లో డ్రమ్ము అంటే నీళ్ళ డ్రమ్ము. మామిడితోట ఇంట్లో డ్రమ్ము అంటే ఒక్కటే. చిన్నప్పుడు దాంట్లో చెయ్యి పెట్టానని పెదనాన్న నా వీపు విమానం మోత మోగించారు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాడికి అది తట్టలేదు. తోట నాలోంచి అంతగా పోయింది పెద్దమ్మా. ఆయన నా మీద కోపగించింది దీనికే అయితే, ఆయన తప్పేమీ లేదు.

ఇంకో సంగతి నీకు ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. ఆయన మందు కొట్టించమనలేదు. మొదటి రోజు నుంచీ డ్రమ్ము చూపిస్తున్నారు.

తొట్టికి బొగ్గుపొడి సంచి ఒకటి వ్యానులో పంపుతున్నాను, ఫిల్టరులో పెట్టు, మిగిలిన విషం పీలుస్తుంది. నీళ్ళు స్టీలు బిందెల్లో పట్టి ఒక రోజు ఉంచు, రోజూ కొంచెం కొంచెం మార్చు. కొత్త చేపలు ఇప్పుడే వద్దు.

సుభాష్


ముసునూరు,
4 మార్చి 2025

సుభాష్,

మూడూ బతికాయి. కుచ్చుటోపీ మూలలోంచి బయటికొచ్చింది. ముందు ఆ మాట రాయాలని కూర్చున్నాను.

నీ ఉత్తరం చదివి వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను. ఆయన నెల రోజులుగా చూపిస్తున్నారు. నేను ఆ మాటకు రెండుసార్లు మందు కొట్టించి, ఆ డ్రమ్ములోనే కలిపించి, ఆ నీళ్ళే పోశాను. చెవులు వినపడనిది నాకు, మాట పడిపోయింది ఆయనకు అనుకున్నాను గాని, అర్థం చేసుకోవడం ఎక్కడో పోయిందనుకోలేదు. నలభై ఆరేళ్ళ కాపురమని నీకు గొప్పగా రాశాను.

హాల్లోకి వెళ్ళి తప్పయిపోయిందండీ అన్నాను. ఆయన ఎడమచేత్తో నా కొంగు వైపు చూపించి "అది" అన్నారు. కొంగున నీ ఉత్తరం దోపుకుని ఉన్నాను. అప్పుడు సత్యవతి గుమ్మంలో నిలబడి, "మీరు ఉత్తరం చదూతుంటే పెరట్లో అంట్లు తోముకునే నాకే వినపడుద్దండీ అమ్మగారూ, అయ్యగారికి వినపడదా ఏంటి" అంది. నేను మనసులో చదువుకుంటున్నాననుకున్నానురా. పైకి చదువుతున్నానట. అందరికీ వినపడేట్టు. నాకొక్కదానికే వినపడలేదు.

అన్నీ విన్నారు. జంక్షన్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళడం విన్నారు. ఇష్టం లేకుండా గడప తొక్కనన్నది విన్నారు. కుచ్చుటోపీ ఎవరు పంపారో ఆ రోజే తెలుసు. తెలిసే ఆరో వేలు మడిచారు.

ఇప్పుడు అసలు సంగతి. ఉదయశ్రీ విజయవాడలో చెవుల డాక్టరు దగ్గర నాకు పేరు రాయించింది. మిషను పెట్టి సరిచూసే దాకా పది రోజులు అక్కడ ఉండాలట. ఇక నాకు ఆ మిషను కావాల్సిందే. ఆయన్ని, తొట్టిని ఎవరికి వదిలి వెళ్ళను? నిన్న ఆయన ముందు కూర్చుని, సుభాష్‌ను రమ్మననా అని అడిగాను. ఆయన "అది" అనలేదు. గోడ వైపు తిరగలేదు. చేపల కేసి చూస్తూ ఉన్నారు. ఒప్పుకున్నారనే నేననుకుంటున్నాను. నా అనుకోవడాల సంగతి నీకు తెలుసు కనుక, తప్పయితే తిట్లు నువ్వే పడు. ఎనిమిదో తారీఖుకు వచ్చెయ్యి.

పెద్దమ్మ


ముసునూరు,
16 మార్చి 2025

పెద్దమ్మా,

ఫోను చెయ్యకుండా రాస్తున్నానేంటి అనుకుంటావు. హాల్లోంచి మాట్లాడితే పెదనాన్న వింటారు, వరండాలోంచి మాట్లాడినా వింటారు. నీ బాధ ఏంటో నాకిప్పుడు తెలిసింది.

నువ్వు కారెక్కిన దగ్గర్నుంచి రెండు రోజులు ఆయన నన్ను చూడలేదు. అన్నం పెట్టాను, తిన్నారు. మందులు ఇచ్చాను, వేసుకున్నారు. నేను స్టీలు గ్లాసునో కుర్చీనో అన్నట్టు ఉన్నారు. నీ అనుకోవడం ఈసారి కూడా తప్పేమోనని మూడో రోజు బ్యాగు సర్దుకున్నాను.

ఆ రోజే నీళ్ళు మార్చాలి. బిందె తెచ్చి తొట్టి ముందు పెట్టి, పైపు వెయ్యడానికి చెయ్యి లోపల పెట్టబోయాను. కర్ర నేలమీద టక్కుమంది. "అది" అన్నారు. నన్ను దగ్గరికి రమ్మన్నారు. వంగాను. కొడతారనుకున్నాను, నిజం చెబుతున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని, అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. పొద్దున సబ్బుతో కడుక్కున్నాను. మొహం చిట్లించి చెయ్యి తోసేశారు. ఉత్త నీళ్ళతో కడుక్కుని వచ్చాను. మళ్ళీ వాసన చూశారు. వదిలేశారు. అప్పుడు నీళ్ళు మార్చాను.

కొట్లో పద్దెనిమిది తొట్లు చూసుకునేవాడిని, చేతులు వాసన చూసి తొట్టిలో పెట్టాలని నేనెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇక చెబుతాను.

ఇక మేత వెయ్యాలన్నా అంతే. ముందు చెయ్యి, తరవాత తొట్టి. గురువారం ఆయన కర్ర తోట వైపు చూపించారు. ఏమీ అనుకోకుండా వెంట నడిచాను, నీలాగా అర్థాలు తియ్యలేదు. పిందెలు బఠానీ గింజంత ఉన్నాయి. గట్టు దాకా నడిపించారు. అవతల మన నాలుగెకరాల్లో పామాయిల్ చెట్లు నా తల దాటి ఎదిగాయి. నేను చెప్పేశాను పెద్దమ్మా. "కొన్నవాడు చెట్లు కొట్టేస్తాడని నాకు తెలుసు పెదనాన్నా. తెలిసే అమ్మాను. తెలియదని అందరికీ చెప్పుకున్నాను" అన్నాను. ఆయన "అది" అన్నారు. దానికి అర్థం ఏంటని నన్ను అడక్కు. తిరిగి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచారు, కర్ర మెత్తటి నేలలో దిగబడుతోందని.

ఇవాళ పొద్దున మళ్ళీ నీళ్ళ రోజు. చెయ్యి కడుక్కుని వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. వాసన చూశారు. ఏ వాసనా లేదు. ఆయన మాత్రం చెయ్యి వదల్లేదు. ముక్కు దగ్గరే పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నా వేళ్ళు తడిశాయి. బిందె పక్కన పెట్టి కింద కూర్చున్నాను.

నీళ్ళు మార్చేసరికి పది దాటింది. చేపలకేమీ కాలేదు.

సుభాష్